షెడ్డుకి, గ్యారేజీకి వర్క్ లైటు కొనాలంటే: డబ్బా మీద ల్యూమెన్లు కాదు, ముందు మీ నీడ ఎక్కడ పడుతుందో చూడండి

చిన్నప్పుడు వేసవి సెలవలకి మా బాబాయి లారీ షెడ్డుకి వెళ్తే నాకిచ్చే ఉద్యోగం ఒక్కటే, లైటు పట్టుకోవడం. తీగ జాలీ లోపల వంద వాట్ల బల్బు, నల్ల రబ్బరు పిడి, వెనకాల టేపు చుట్లతో నిండిపోయిన పొడుగాటి వైరు. "నా మొహం మీద కాదురా, నట్టు మీద కొట్టు", "కొంచెం పక్కకి, నీ చెయ్యి అడ్డం తియ్", "అరె కదపకురా బాబూ" అని గంటకి యాభై సార్లు తిట్లు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ తిట్లలోనే మొత్తం విషయం ఉంది, వర్క్ లైటు అంటే ఆ కుర్రాడి పని చేసేది, చెప్పిన చోట నిలబడాలి, కళ్ళల్లో కొట్టకూడదు, కదలకూడదు, సగం పనిలో నిద్రపోకూడదు. మీరు కొనబోయేది ఈ నాలుగూ చేస్తుందా అని చూసుకుంటే చాలు, అది ఎన్ని ల్యూమెన్లు (అంటే ఎంత వెలుగు ఇస్తుంది) అన్నది తర్వాత సంగతి. నేను ఇప్పటికి ఆరో ఏడో కొన్నాను, అందులో మూడు అటక మీద పడున్నాయి, ఆ డబ్బులన్నీ పోసి నేర్చుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నా.

మొదటి పని: ఇంకా కొనకండి

నిజంగానే చెప్తున్నా. ముందు ఒక వారం మీ ఫోన్ టార్చితోనే పని చేయండి. కారు బానెట్ లేపినా, బండి చైన్ బిగించినా, ఇంట్లో మోటరు స్టార్టర్ విప్పినా సరే, ఫోన్‌ని ఎక్కడ పెట్టాల్సి వచ్చిందో గుర్తుపెట్టుకోండి. నోట్లో పట్టుకున్నారా (చేసేదే కదా అందరం), బ్యాటరీ మీద ఆనించారా, పక్కవాళ్ళని పట్టుకోమన్నారా, కింద పడుకున్నప్పుడు ఛాతీ మీద పెట్టుకున్నారా. వారం అయ్యేసరికి మీకే తెలుస్తుంది మీ పనికి కావాల్సింది తగిలించేదా, అతికేదా, తలకి పెట్టుకునేదా, లేక నేల మీద నిలబెట్టేదా అని. ఫోన్ టార్చి వెలుగు మామూలుగా నలభై యాభై ల్యూమెన్లు ఉంటుందేమో, అంత చిన్నదానితోనే సరైన చోట పెడితే నట్టు కనపడుతుంది, తప్పు చోట పెడితే పెద్ద ఫ్లడ్ లైటుతో కూడా కనపడదు. దీపం కిందే చీకటి అని ఊరికే అనలేదు.

ఈ వారంలో ఇంకో చిన్న పని. ఫ్రిజ్ మీద బొమ్మ మాగ్నెట్ ఒకటి పీకి జేబులో వేసుకుని మీ బండి మీద ఎక్కడెక్కడ అంటుకుంటుందో చూడండి. చాసిస్ మీద, బానెట్ కింద రేకు మీద అంటుకుంటుంది, ఇంజన్ హెడ్డూ గేర్ బాక్సూ చాలావాటికి అల్యూమినియం కాబట్టి అంటుకోదు, కొత్త కార్లలో పైనంతా ప్లాస్టిక్ కవరు. "పవర్‌ఫుల్ మాగ్నెట్" అని రాసి ఉన్న లైటు తెచ్చి అంటుకునే చోటు లేక మళ్ళీ నోట్లోనే పెట్టుకున్న మనిషిని నేనే.

రెండో పని: ఏ రకమో తేల్చుకోండి

బజార్లో యాభై రకాలు కనపడతాయి గానీ అసలు ఉన్నవి నాలుగే. ఒకటి మాగ్నెట్, కొక్కెం ఉండి మెడ తిరిగే చేతిలైటు, పొడుగ్గా పలకలాగా ఉండి మధ్యలో పసుపు పట్టీ ఉంటుంది చూడండి, దాన్ని సీఓబీ అంటారు, అంటే బోలెడు చిన్న ఎల్ఈడీ చిప్పులు ఒకే పలక మీద పక్కపక్కనే అతికించి పైన ఆ పసుపు పూత పూస్తారు. దీని గొప్పదనం ఏంటంటే వెలుగు ఒక చుక్క నుంచి కాకుండా మొత్తం పట్టీ నుంచి వస్తుంది కాబట్టి నీడ అంచులు మెత్తగా పడతాయి, ఒక్కో వేలికి మూడేసి నీడలు పడవు. రెండోది తలలైటు. మూడోది పెన్ను లాంటి సన్న లైటు, సందుల్లో దూర్చడానికి. నాలుగోది స్టాండు మీద నిలబెట్టే ఫ్లడ్ లైటు, ఇది కరెంటుతో నడిచేది అయినా కావచ్చు, డ్రిల్లింగ్ మిషన్ బ్యాటరీతో నడిచేది అయినా కావచ్చు.

నన్నడిగితే ఒక్కటే కొనగలిగితే మొదటి రకం కొనండి, రెండు కొనగలిగితే రెండోది తలలైటు. ఒకే పెద్ద లైటుకి పెట్టే డబ్బుతో రెండు చిన్నవి కొంటే ఎప్పుడూ లాభమే, ఎందుకంటే ఒక లైటు ఎంత పెద్దదైనా మీ చేతి నీడ మీ పని మీదే పడుతుంది, రెండోది పక్క నుంచి పెడితే ఆ నీడ పోతుంది. ఆపరేషన్ థియేటర్లో డాక్టరు తల మీద లైటు చూడండి, ఒక్క బల్బు ఉండదు, గుండ్రంగా చాలా ఉంటాయి, డాక్టరు తల వంచి ఒక బల్బుకి అడ్డొచ్చినా మిగతావి వెలుగు ఇస్తాయి. మనకంత అక్కర్లేదు, రెండు చాలు.

తలలైటుతో ఒక తిరకాసు ఉంది. వెలుగు మన చూపు వెంటే వెళ్తుంది కాబట్టి నీడలే కనపడవు, బోల్టులు విప్పడానికి అది బ్రహ్మాండం, కానీ రేకు మీద సొట్ట వెతకాలంటే మాత్రం నీడ కావాలి. డెంటింగ్ చేసేవాళ్ళని గమనించండి, లైటుని రేకుకి దాదాపు ఆనించి పక్క నుంచి వేస్తారు, లేదా ట్యూబ్ లైటు గీత రేకు మీద ఎలా వంకర పోతుందో చూస్తారు. పెయింటు, పుట్టీ, గోడ పని చేసేవాళ్ళకీ ఇదే లెక్క. ఇంకోటి, మీరు తలలైటు పెట్టుకుని ఉండగా ఎవరైనా పిలిస్తే తల ఎత్తి చూస్తారు కదా, పిలిచినవాళ్ళ కళ్ళల్లో కొడుతుంది, మా ఇంట్లో ఈ గొడవ రోజూ ఉండేది.

మూడో పని: ఎంత వెలుగు కావాలో మీరే లెక్క వేసుకోండి

ఇది కష్టం ఏం కాదు. ల్యూమెన్ అంటే లైటు నుంచి బయటికొచ్చే మొత్తం వెలుగు, లక్స్ అంటే మీ పని మీద పడేది. ఒక చదరపు మీటరు మీద వెయ్యి ల్యూమెన్లు పడితే వెయ్యి లక్స్. మామూలు బోల్టు పనికి మూడొందల లక్స్ ఉంటే పని జరుగుతుంది, వైరింగ్, కార్బురేటర్ లాంటి సన్న పనికి ఐదొందల నుంచి వెయ్యి దాకా ఉంటే కళ్ళు లాగవు. కారు బానెట్ కింద చోటు సుమారు చదరపు మీటరున్నర అనుకుందాం, ఐదొందల లక్స్ కావాలంటే ఏడొందల యాభై ల్యూమెన్లు అక్కడ పడాలి, సగం వెలుగు అటూ ఇటూ పోతుంది కాబట్టి పదిహేను వందల ల్యూమెన్ల లైటు చాలు. బండి చైను దగ్గరకైతే రెండొందలు మూడొందలు ఎక్కువే. పెన్ను లైటుకి వంద చాలు. మొత్తం కారు షెడ్డు వెలిగించాలంటే అప్పుడు నాలుగైదు వేలు చూడండి.

దూరం సంగతి మర్చిపోవద్దు. లైటు రెండడుగుల దూరం నుంచి నాలుగడుగులకి జరిపితే వెలుగు సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే దగ్గరికి తేగలిగే చిన్న లైటు, దూరంగా ఉండే పెద్ద లైటుని ఓడిస్తుంది. ఇంకా మరీ దగ్గర్లో మరీ ఎక్కువ వెలుగు ఉంటే ఇంకో బాధ, నూనె పట్టిన ఇనుము మీద, క్రోమ్ మీద పడి కళ్ళల్లోకి తిరిగి కొడుతుంది, ఆ తర్వాత పక్కనున్న చీకటి సందులో ఏమీ కనపడదు. కాబట్టి వెలుగు తగ్గించే బటన్ లేని లైటు కొనకండి. కనీసం రెండు మెట్లు ఉండాలి, తిప్పితే కొంచెం కొంచెంగా తగ్గేది అయితే ఇంకా మంచిది. మధ్యలో ఎర్ర లైటు మిణుకు మిణుకు, ఎస్ఓఎస్ అని ఐదారు మోడ్లు పెట్టి ఆపడానికి ఆరు సార్లు నొక్కించేవి ఉంటాయే, వాటి జోలికి పోకండి.

ఇక డబ్బా మీద అబద్ధం పట్టుకునే చిట్కా. ఎల్ఈడీ ఒక వాటుకి మామూలుగా ఎనభై నుంచి నూట ఇరవై ల్యూమెన్లు ఇస్తుంది, చాలా ఖరీదైనవి ఇంకొంచెం ఎక్కువ. అంటే పది వాట్ల లైటు వెయ్యి ల్యూమెన్ల చుట్టుపక్కల ఉండాలి. పది వాట్లు అని రాసి పక్కనే ఐదు వేల ల్యూమెన్లు అని రాస్తే చేతిలోది అక్కడే పెట్టేసి వచ్చేయండి. పాత లెక్క కావాలంటే మన వంద వాట్ల తీగ బల్బు పదమూడు వందల ల్యూమెన్ల దాకా ఇచ్చేది, బాబాయి షెడ్డులో లారీలన్నీ ఆ వెలుగులోనే బాగుపడ్డాయి, యాభై వేల ల్యూమెన్లు మనకెందుకు చెప్పండి.

నాలుగో పని: బ్యాటరీ. ఇక్కడే అందరూ మోసపోయేది

నేను కూడా. ఆన్‌లైన్లో ఒకటి కొన్నా, 9900 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) బ్యాటరీ, ఎనిమిది గంటలు వస్తుంది అని. మొదటి రోజు రాత్రి కారు కింద ఉండగా నలభై నిమిషాలకి మిణుక్కుమని ఆరిపోయింది, చీకట్లో ఆయిల్ ట్రే ఎక్కడుందో తెలీక చెయ్యి అందులోనే పెట్టా. మర్నాడు విప్పి చూస్తే లోపల ఒకటే సెల్లు. దాన్ని 18650 అంటారు, ఆ అంకెల అర్థం 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడుగు. ఈ సైజు సెల్లులో ఎంత గొప్ప కంపెనీది అయినా మూడు వేల ఐదొందల ఎంఏహెచ్ చుట్టుపక్కలే ఆగిపోతుంది, మామూలువి రెండు వేల నుంచి రెండు వేల ఆరొందలు. దాని మీద 9900 అని రాసి ఉందంటే స్టిక్కరు వేసినవాడికి సిగ్గు లేదని అర్థం. అసలు సెల్లు నలభై ఐదు గ్రాములకి అటూ ఇటూ తూగుతుంది, నాది వంటింటి కాటా మీద పెడితే ముప్ఫై కూడా లేదు.

కాబట్టి ఈ లెక్క నేర్చుకోండి, ఫోన్ కాలిక్యులేటర్ చాలు. ఎంఏహెచ్‌ని వెయ్యితో భాగించి 3.7తో గుణించండి, వచ్చింది వాట్ అవర్లు, అంటే ఒక వాటు లైటు ఎన్ని గంటలు వెలుగుతుందో అది. 2600 అయితే సుమారు 9.6. దాన్ని లైటు వాట్లతో భాగించండి, పది వాట్ల లైటు అయితే గంట లోపే, లోపల వేడికి పోయేది తీసేస్తే యాభై నిమిషాలు అనుకోండి. ఇప్పుడు తిరగేసి చూడండి, వెయ్యి ల్యూమెన్లు ఎనిమిది గంటలు అంటే ఎనభై వాట్ అవర్లు కావాలి, అంటే అలాంటి సెల్లులు ఎనిమిదో తొమ్మిదో, సెల్లుల బరువే నాలుగొందల గ్రాములు. చేతిలో పట్టుకుంటే మొత్తం రెండొందల గ్రాములు లేని లైటు ఆ పని ఎలా చేస్తుంది? కొట్లో కాటా లేకపోయినా చెయ్యి చెప్పేస్తుంది.

కంపెనీలు పూర్తిగా అబద్ధం చెప్పకుండా కూడా బోల్తా కొట్టిస్తాయి, అది ఎలాగంటే టార్చి లైట్లకి ఎఫ్ఎల్1 అని ఒక కొలత పద్ధతి ఉంది, అందులో రన్ టైమ్ అంటే వెలుగు మొదటి దానిలో పదో వంతుకి పడిపోయేదాకా లెక్క. అంటే డబ్బా మీద ఐదు గంటలు అని ఉంటే అందులో చివరి మూడు గంటలు కొవ్వొత్తి వెలుగు కావచ్చు, అది అబద్ధం కాదు కానీ మనకి ఉపయోగమూ కాదు. ఫుల్ మీద ఎంతసేపు, సగం మీద ఎంతసేపు అని విడివిడిగా రాసిన లైటు అయితే కొంచెం నమ్మచ్చు.

ఇంట్లో ఆల్రెడీ బ్యాటరీ డ్రిల్లింగ్ మిషన్ ఉంటే, బాష్, మకీటా, డీవాల్ట్ ఏదైనా సరే, అదే బ్యాటరీకి పట్టే లైటు హెడ్ విడిగా అమ్ముతారు. 18 వోల్టుల 4 యాంపియర్ అవర్ ప్యాక్ అంటే డెబ్భై రెండు వాట్ అవర్లు, మామూలు చేతిలైటుకి ఏడు రెట్లు. కొత్తగా లైటు కోసమే బ్యాటరీ, ఛార్జర్ అన్నీ కొంటే మాత్రం బరువు ఖర్చు, అప్పుడు అక్కర్లేదు.

ఛార్జింగ్ పోర్టు సీ టైప్ ఉండేది చూడండి, కానీ అక్కడా ఒక చిక్కు ఉంది, చవక లైట్లలో పోర్టు సీ టైపే కానీ లోపల పెట్టాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు పెట్టకుండా మిగుల్చుకుంటారు, అందుకని రెండు వైపులా సీ ఉన్న కేబుల్‌తో పెడితే ఛార్జ్ ఎక్కదు, పాత వెడల్పు పిన్ను ఛార్జరుతో పెడితేనే ఎక్కుతుంది. లైటు చచ్చిపోయిందని పారేసే ముందు కేబుల్ మార్చి చూడండి.

ఐదో పని: రంగు

తెల్లగా మెరిసిపోయే 6500 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత) వెలుగు చూడగానే బాగుంటుంది, రెండు గంటలు పని చేస్తే కళ్ళు లాగుతాయి. నాకైతే 4000, 5000 మధ్యలో ఉన్నది సుఖం. ఇది ఇష్టం బట్టి. కానీ సీఆర్ఐ మాత్రం ఇష్టం కాదు, అవసరం. వస్తువుల రంగు ఎండలో ఉన్నట్టు ఎంత సరిగా చూపిస్తుందో చెప్పే అంకె అది, వందకి లెక్క. పాత తీగ బల్బుకి దాదాపు వంద, చవక ఎల్ఈడీకి డెబ్భై. డెబ్భైలో ఎరుపు చచ్చిపోతుంది, వైరింగ్‌లో ఎరుపు, బ్రౌను, ఆరెంజి వైర్లు మూడూ ఇంచుమించు ఒకేలా కనపడతాయి, ఎక్కడ కలపకూడదో అక్కడ కలిపేస్తాం. బోల్టు పనికే అయితే ఎనభై చాలు, వైరింగ్ చేసేవాళ్ళు తొంభై పైన చూడండి, పెయింటు మ్యాచింగ్ చేసేవాళ్ళు తొంభై ఐదు, అంత పెట్టినా ఆఖర్న బయట ఎండలో ఒకసారి చూసుకోవాల్సిందే.

డబ్బా మీద సీఆర్ఐ రాయకపోతే తక్కువే అనుకోండి. కొట్లో చూడ్డానికి సులువైన పద్ధతి, మీ అరచెయ్యి లైటు కింద పెట్టండి. రక్తం ఉన్న చెయ్యిలా ఎర్రగా కనపడితే మంచిది, పాలిపోయి పచ్చగా కనపడితే వద్దు. ఇంకా గట్టిగా చూడాలంటే ఎరుపు, బ్రౌను, ఆరెంజి వైరు ముక్కలు మూడు జేబులో వేసుకెళ్ళండి.

ఆరో పని: పడినా, తడిసినా

ఐపీ అని రెండంకెలు ఉంటాయి, మొదటిది దుమ్ముకి, రెండోది నీళ్ళకి. చినుకులు, తుంపర్లకి 54 చాలు, వాటర్ సర్వీసింగ్ దగ్గర వాడేవాళ్ళు 65 చూడండి. 67 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా ఏం కాదని, అది మనకి ఎక్కువ. దెబ్బకి ఐకే అని ఇంకో అంకె ఉంటుంది, 08 అంటే ఐదు జౌళ్ళ (దెబ్బ శక్తికి కొలత) దెబ్బ, 10 అంటే ఇరవై, కానీ చేతిలైట్ల మీద ఇది రాసేవాళ్ళు తక్కువ. రాయకపోతే అంచులకి రబ్బరు ఉందా, ఛార్జింగ్ పోర్టుకి రబ్బరు మూత ఉందా, ఆ మూత గట్టిగా కూర్చుంటుందా చూసుకోండి. గ్రీజు చేతుల్తో వాడేది కాబట్టి బటన్ పెద్దగా ఉండాలి. మెడ తిప్పే చోట మెత్తగా ఉంటే ఆర్నెల్లలో వేలాడిపోతుంది, కొట్లోనే పది సార్లు తిప్పి చూడండి, కొట్టువాడు కోప్పడితే పడనివ్వండి.

మాగ్నెట్ గురించి రెండు మాటలు. వీటిల్లో ఉండే నియోడిమియం మాగ్నెట్ ఎనభై డిగ్రీలు దాటితే బలం తగ్గడం మొదలవుతుంది, కాబట్టి ఇప్పుడే ఆపిన ఇంజన్‌కి అంటించకండి, సైలెన్సర్ దగ్గర అసలే వద్దు, లోపల లిథియం సెల్లు కూడా ఉంది కదా. గ్రైండింగ్ చేసిన చోట పెడితే ఇనప రజను గడ్డంలా పట్టేసుకుంటుంది, తర్వాత కారు మీద అంటిస్తే పెయింటు మీద గీతలు. పెయింటు టేపు ముక్క మాగ్నెట్‌కి అంటించి వాడండి, రజను పట్టినప్పుడు టేపు పీకేస్తే దాంతో పాటే పోతుంది.

ఏడో పని: వైరు లైటు కొనేవాళ్ళు, పెట్రోలు దగ్గర పని చేసేవాళ్ళు ఇది వదలకుండా చదవండి

రోజంతా షెడ్డులో పని చేసేవాళ్ళకి ఛార్జింగ్ లైటు ఒక్కటే సరిపోదు, వైరు లైటు కావాలి. అయితే మన కరెంటు 230 వోల్టులు, కింద తడి నేల, చేతికి చెమట, నాలుగు వైపులా ఇనుము. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 1976లో 36ఎ అని ఒక సెక్షన్ చేర్చారు, ట్యాంకులు, గుంటలు, పైపులు లాంటి ఇరుకు చోట్ల సరైన రక్షణ లేకుండా 24 వోల్టులు దాటిన చేతిలైటు వాడకూడదని. మనది ఫ్యాక్టరీ కాదు, ఇంటి వెనక రేకుల షెడ్డే, కానీ షాక్‌కి ఆ తేడా తెలీదు కదా. పిట్ (బండి కిందకి దిగి పని చేసే గుంట) ఉన్న షెడ్డు అయితే 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించి ఆ వోల్టేజి లైట్లు వాడండి, లేదా పిట్‌లోకి బ్యాటరీ లైటే దింపండి. పైన వాడే వైరు లైటుకి మాత్రం ఆ లైను మీద 30 మిల్లీయాంపియర్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) ఉండాలి, లైటు బాడీ ఇనుము అయితే మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ నిజంగా ఉండాలి, ప్లగ్గులో మూడో పిన్ను ఉత్తినే ఉంటే కాదు. వైరు మీద ఆయిల్‌కి ఆగే రబ్బరు తొడుగు ఉన్నది తీసుకోండి, మామూలు పీవీసీ తొడుగు ఆయిల్ తాగి బిరుసెక్కి పగిలిపోతుంది. ఎక్స్‌టెన్షన్ చక్రం వాడితే పెద్ద లోడు వేసినప్పుడు వైరు మొత్తం విప్పాలి, చుట్టలోనే వదిలేస్తే వేడెక్కుతుంది.

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదే పాకుతుంది, పిట్ ఉంటే అందులోకి దిగి కూర్చుంటుంది, ఎల్పీజీ కూడా అంతే. పాత జాలీ బల్బు మీద ఒక్క చుక్క పడితే టప్పున పగులుతుంది, లోపల తీగ ఎర్రగా కాలుతూనే ఉంటుంది, ఆ తర్వాత ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఎల్ఈడీ లైటు అంత వేడెక్కదు గానీ స్విచ్ నొక్కినప్పుడు చిన్న మెరుపు అందులోనూ రావచ్చు, "ఎల్ఈడీ కదా పేలదు" అనుకోకండి. ట్యాంకు విప్పే ముందే లైటు వెలిగించి దూరంగా పెట్టుకోండి, షట్టరు తెరవండి, పని అయ్యేదాకా స్విచ్చి ముట్టుకోవద్దు. రోజూ పెట్రోలు ట్యాంకుల పని చేసేవాళ్ళకి ఫ్లేమ్‌ప్రూఫ్ లైట్లు (లోపలి మంట బయటి ఆవిరికి అంటుకోకుండా చేసినవి) వేరే ఉంటాయి, ఖరీదు ఎక్కువే, కొనాల్సిందే. ఇంకా ఎక్కడైనా 500 వాట్ల హాలోజెన్ చవగ్గా వస్తుందంటే తెచ్చుకోకండి, రోహిణి కార్తెలో రేకుల షెడ్డులో అది పక్కన పెట్టుకుని పని చేస్తే లైటు కంటే ముందు మనం ఆరిపోతాం.

లేత్ మిషన్, బెంచి గ్రైండర్ ఉన్నవాళ్ళకి ఇంకో ప్రమాదం. చవక కరెంటు ఎల్ఈడీ సెకనుకి వంద సార్లు ఆరి వెలుగుతుంది, కంటికి తెలీదు. లేత్‌లో ముక్కని పట్టుకుని తిరిగే నాలుగు దవడల చక్ నిమిషానికి 1500 చుట్లు తిరిగితే సెకనుకి ఇరవై ఐదు చుట్లు, దవడలు వంద సార్లు దాటతాయి, రెండూ కలిసేసరికి తిరుగుతున్న చక్ ఆగిపోయినట్టు కనపడుతుంది. చెయ్యి పెడితే అంతే. కొనే ముందు ఫోన్ కెమెరా తెరిచి లైటు వైపు పెట్టండి, స్క్రీన్ మీద నల్ల పట్టీలు గట్టిగా పాకుతుంటే లేత్ దగ్గరకి ఆ లైటు వద్దు. బ్యాటరీ లైట్లు కూడా వెలుగు తగ్గించినప్పుడు కొన్ని ఇలా మిణుకుతాయి, తక్కువ మెట్టు మీద కూడా చూడండి.

ఎనిమిదో పని: కొనేటప్పుడు

హైదరాబాద్ వాళ్ళకి రాణిగంజ్, ట్రూప్ బజార్, విజయవాడ వాళ్ళకి ఆటోనగర్ ఉండనే ఉంది, వెళ్ళి చేత్తో పట్టుకుని చూసి కొనడమే నా ఓటు. ఆన్‌లైన్లో కొంటే ఐదు స్టార్లు కాదు, మూడు స్టార్ల రివ్యూలు చదవండి, అందులోనే నిజం ఉంటుంది, ఆర్నెల్ల తర్వాత రాసినవి దొరికితే ఇంకా మంచిది. డబ్బా మీద బీఐఎస్ (వస్తువుల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, ఏ కంపెనీకి ఇచ్చారో వస్తుంది, డబ్బా మీద పేరుకీ దానికీ పొంతన లేకపోతే అర్థమైపోతుంది. సెల్లు మార్చుకునేలా మూత ఉన్న లైటు దొరికితే వంద రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి, ఎందుకంటే ఎల్ఈడీ ఏళ్ళ తరబడి ఉంటుంది, పోయేది సెల్లే.

కొట్లో ఫుల్ మీద వెలిగించి మిగతావి చూస్తున్నట్టు ఒక పది నిమిషాలు గడపండి. వెలుగు తగ్గిందా, చెయ్యి పెట్టలేనంత వేడెక్కిందా, అప్పుడు తెలుస్తుంది.

ఇంటికి తెచ్చాక

మొదటి రోజే నిండా ఛార్జ్ చేసి ఫుల్ మీద వెలిగించి ఎంతసేపు వచ్చిందో టైము రాసుకోండి, వాపస్ ఇచ్చే గడువు లోపలే ఇది చేయాలి. మంచం మీద, సోఫా మీద పెట్టి ఛార్జ్ చేయకండి, గచ్చు మీద పెట్టండి. మే నెలలో కారు డిక్కీలో వదిలేయకండి, నలభై ఐదు డిగ్రీల పైన లిథియం సెల్లుని ఛార్జ్ చేయకూడదు, డిక్కీ అంతకంటే ఎక్కువే కాలుతుంది. నెలల తరబడి వాడకపోతే లిథియం లైటుని సగం ఛార్జ్‌తో పెట్టాలి, పాత ఎమర్జెన్సీ లైట్లలో ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే దానికి పూర్తిగా రివర్సు, నిండా ఛార్జ్ చేసి పెట్టాలి, ఖాళీగా వదిలేస్తే చచ్చిపోతుంది. సెల్లు ఉబ్బితే మాత్రం ఇంక వాడకండి, చెత్తబుట్టలో కూడా వేయకండి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి.

తొలకరి పడ్డ రాత్రి బయట పని చేయాల్సి వస్తే ఉసిళ్ళు మూకుమ్మడిగా వచ్చి పడతాయి, తెరిచిన ఇంజన్‌లో కూడా. అవి తెల్ల లైటుకి వచ్చినంతగా పసుపు లైటుకి రావు. నేను పెద్ద తెల్ల లైటు ఒకటి ఇరవై అడుగుల అవతల గోడ మీద పెట్టి, పని దగ్గర చిన్న పసుపు లైటు పెట్టుకుంటా, ఉసిళ్ళన్నీ అటు పోతాయి, బల్లులకి పండగ.

ఆఖరిది, కరెంటు పోగానే మీ వర్క్ లైటు వంటింట్లోకి వెళ్ళిపోతుంది, అక్కడి నుంచి బాత్రూమ్‌లోకి, అక్కడి నుంచి ఇంక కనపడదు, మీకు కావాల్సినప్పుడు ఛార్జింగ్ సున్నా. ఇంట్లోకి విడిగా ఒక చిన్న ఎమర్జెన్సీ లైటు కొనిచ్చేయండి.